సీసా మీద పచ్చటి ఆకు: ఆర్గానిక్ ముద్రలు చదవడం ఎలా

కిందటేడాది ఓ ఎగ్జిబిషన్‌లో కలబంద జెల్ కొన్నాను. డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని చుట్టూ గుండ్రంగా 'సర్టిఫైడ్ ఆర్గానిక్' అని అక్షరాలు. సర్టిఫై చేసిందెవరో మాత్రం ఎక్కడా లేదు. ఇంటికొచ్చాక డబ్బా మీదున్న నంబరుకి "సర్టిఫికెట్ ఒకసారి పంపుతారా అండీ" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో పీడీఎఫ్ వచ్చేసింది. ఇంత తొందరగా పంపారంటే నిజమే అయ్యుంటుంది, అనవసరంగా అనుమానించానే అనుకున్నాను. తెరిచి చూస్తే అది ఐఎస్ఓ 9001. కంపెనీలో పనులు ఒక పద్ధతి ప్రకారం నడుస్తున్నాయని చెప్పే కాగితం. బోల్టులు చేసే ఫ్యాక్టరీకైనా ఇస్తారు. "ఇది కాదండీ, ఆర్గానిక్‌ది" అంటే ఇంకొకటి పంపారు. ఈసారిది నిజంగానే ఆర్గానిక్ సర్టిఫికెట్. కాకపోతే అందులో ఉన్న పేరు వేరే కంపెనీది, సరుకు కలబంద పొడి, గడువు ముగిసి రెండేళ్లయింది. మూడోసారి అడిగితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

జెల్ బాగానే ఉంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా వాడాను కూడా. నా గొడవ జెల్‌తో కాదు, ఆ ముద్ర చూపించి తీసుకున్న రెట్టింపు ధరతో. అప్పట్నించీ ఏ ముద్ర కనబడినా మూడు మాటలు అడగడం అలవాటైంది: ఎవరికిచ్చారు, దేనికిచ్చారు, ఎప్పటిదాకా ఇచ్చారు. కింద రాసిందంతా ఆ మూడింటికీ సీసా మీదే జవాబు ఎలా వెతుక్కోవాలన్నదే.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. తినే సరుకు మీద 'ఆర్గానిక్' అని రాసుకోవడానికి మన దేశంలో నియమాలున్నాయి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో తెచ్చింది. 'జైవిక్ భారత్' అనే గుర్తు అలా వచ్చిందే. ఒంటికి రాసుకునే సరుకుకి అలాంటి ఏర్పాటు లేదు. కాస్మెటిక్స్ రూల్స్ 2020 లైసెన్సు గురించి చెబుతాయి, లేబుల్ మీద ఏముండాలో చెబుతాయి. ఏది నేచురల్, ఏది ఆర్గానిక్ అన్న నిర్వచనం మాత్రం వాటిలో దొరకదు. యూరప్‌లో సౌందర్య సాధనాల చట్టం మన కంటే గట్టిది, అక్కడా ఈ మాటకి చట్టంలో నిర్వచనం లేదు. ఆ ఖాళీలోకే ప్రైవేటు ప్రమాణాలు వచ్చాయి. ఆ ప్రమాణం ప్రకారం తనిఖీ చేయించుకోవాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. కాబట్టి సీసా మీద ఆర్గానిక్ అని రాసుందంటే, దాని వెనక గట్టి తనిఖీ ఉండొచ్చు, బొమ్మ గీసిన డిజైనర్ తప్ప ఎవరూ లేకపోవచ్చు కూడా.

మొదటి పని: సీసా వెనక్కి తిప్పండి

ముందు వైపు అంతా అమ్ముకోవడానికి రాసింది. 'ప్యూర్', 'హెర్బల్', 'కెమికల్ ఫ్రీ', 'నేచర్స్ సీక్రెట్' లాంటి మాటలకి ఒక్క క్షణం కూడా ఇవ్వకండి. కెమికల్ ఫ్రీ అన్నది మరీ విడ్డూరం. నీళ్లూ కెమికలే, పసుపులో పచ్చదనమూ కెమికలే.

వెనక వైపు చూడాల్సినవి: తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ, 'ఇంగ్రీడియెంట్స్' అనే మాటతో మొదలయ్యే జాబితా. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. 60 మిల్లీలీటర్ల కంటే చిన్న సీసాకి, 30 గ్రాముల కంటే చిన్న డబ్బాకి పదార్థాల జాబితా నుంచి మినహాయింపు ఉంది. ఖరీదైన సీరమ్‌లు ఎక్కువగా 30 మిల్లీలీటర్ల సీసాల్లోనే వస్తాయి కదా, అక్కడ జాబితా లేకపోతే చట్టరీత్యా తప్పు పట్టలేం. నేనైతే జాబితా లేనిది కొనను.

లైసెన్సు నంబరు లేకపోతే అక్కడితో ఆపేయొచ్చు. ఇంట్లో సబ్బులు చేసి అమ్మేవాళ్లకీ లైసెన్సు ఉండాల్సిందే. ఆర్గానిక్ ముద్ర దాని తర్వాతి మాట.

వెనక వైపు 'ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్' అని ఉందనుకోండి, అది సౌందర్య సాధనం కింద కాక ఆయుర్వేద మందు కింద లైసెన్సు తీసుకున్నది. దాని మీద జాబితా వేరేలా ఉంటుంది: ప్రతి 10 మిల్లీలీటర్లలో భృంగరాజం ఇంత, ఉసిరి ఇంత అని మోతాదులతో. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ జాబితా చివర్న 'బేస్' అనో 'ఆయిల్ బేస్' అనో రాసి, పక్కన 'క్యూ.ఎస్.' అని ఉంటే ఆగి చూడండి. 'కావలసినంత' అని దానర్థం. మిల్లీగ్రాముల్లో రాసిన మూలికలన్నీ కలిపినా అర చెంచా కాకపోవచ్చు, మిగతా సీసా అంతా ఆ కావలసినంతే. అది నువ్వుల నూనా, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిలా అన్నదే అసలు ప్రశ్న. ఒక సంగతి కూడా గుర్తుంచుకోండి, ఆయుర్వేద లైసెన్సు అంటే ఆ మూలికలు రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండాయని కాదు. రెండూ రెండు దారులు.

రెండో పని: ఆ ముద్ర దేని గురించి మాట్లాడుతోందో తేల్చుకోండి

ఆకుపచ్చగా గుండ్రంగా ఉన్నదల్లా ఆర్గానిక్ ముద్ర కాదు. ముందు సంబంధం లేనివాటిని పక్కన పెట్టేద్దాం.

చిన్న చతురస్రంలో పచ్చ చుక్క శాకాహార గుర్తు. పొద్దుతిరుగుడు పువ్వు ఉన్న 'వీగన్' గుర్తు బ్రిటన్‌లోని వీగన్ సొసైటీది, జంతువుల నుంచి వచ్చిందేదీ లేదని. గెంతుతున్న కుందేలు 'లీపింగ్ బన్నీ', జంతువుల మీద పరీక్షలు చేయలేదని. ఈ కుందేలు గురించి ఒక మాట. మన దేశంలో సౌందర్య సాధనాలని జంతువుల మీద పరీక్షించడం, అలా పరీక్షించినవాటిని దిగుమతి చేసుకోవడం 2014లోనే నిషేధించారు. ఇక్కడ తయారైన సరుకు మీద ఎవరో తోచినట్టు గీసుకున్న కుందేలు బొమ్మ కొత్తగా చెప్పేదేమీ లేదు. విదేశీ సరుకు మీద ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు పచ్చ బాణాలుంటాయి, 'గ్రీన్ డాట్' అంటారు. ప్యాకింగ్ చెత్తని సేకరించే వ్యవస్థకి ఆ కంపెనీ రుసుము కట్టిందని మాత్రమే. లోపలున్న క్రీముతో దానికి పనిలేదు. 'జీఎంపీ', 'ఐఎస్ఓ 22716' తయారీ శుభ్రత, పద్ధతి గురించినవి. మంచివే, ఆర్గానిక్‌కి సాక్ష్యం కావు. 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని ఉంటే మాత్రం అనుమానం పెంచుకోండి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ రంగుల్లాంటివాటికి అనుమతి ఇస్తుంది గానీ క్రీములకీ షాంపూలకీ అప్రూవల్ అంటూ ఇవ్వదు.

తర్వాత తిండి ముద్రలు. జైవిక్ భారత్ ఆహారానిది. 'ఇండియా ఆర్గానిక్' పంటలది, పంట నుంచి వచ్చిన సరుకుది. దాన్ని నడిపేది వాణిజ్య శాఖ కింది అపెడా అనే సంస్థ. 'పీజీఎస్ ఇండియా' రైతులు బృందంగా ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. ఇవి ఫేస్ క్రీము మీద కనబడితే తప్పు చోట ఉన్నట్టే. మహా అయితే అందులో వేసిన ఒక ముడిసరుకుకి ఆ సర్టిఫికెట్ ఉండుంటుంది. నా కలబంద జెల్ కథ ఇదే. పొలం మారుతుంది, పొడి చేసే మిల్లు మారుతుంది, జెల్ కలిపేవాడు మూడోవాడు. మొదటివాడి కాగితం మూడోవాడు చూపిస్తాడు. మన ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం పేరు బాగా వినబడుతుంది కాబట్టి 'ప్రకృతి వ్యవసాయంలో పండిన వేపతో' అని సబ్బు మీద రాసుంటే మనసు కరుగుతుంది. అది వేప గురించి చెప్పిన మాట, సబ్బు గురించి కాదు.

కుంకుడుకాయ పొడి, శీకాయ పొడి, గోరింటాకు పొడి సంగతి వేరు. అవి దాదాపు పంటే, ఎండబెట్టి దంచారంతే. వాటి మీద ఇండియా ఆర్గానిక్ ఉంటే అర్థవంతంగానే ఉన్నట్టు. నూనెలూ అంతే. ఇక్కడ నా సొంత చిట్కా ఒకటి చెబుతాను. 'ఆర్గానిక్ హెయిర్ ఆయిల్' అని వందల రూపాయలు పెట్టి కొనేముందు కిరాణా కొట్టులో వంటనూనెల అర వైపు వెళ్లండి. గానుగ నువ్వుల నూనె, కొబ్బరినూనె సీసాల మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, జైవిక్ భారత్ గుర్తు రెండూ ఉన్నవి దొరుకుతాయి. తినడానికి పనికొచ్చేలా తనిఖీ అయిన నూనె తలకి పనికిరాదా? మా ఇంట్లో ఇప్పుడు తలకి అదే.

మూడో పని: అసలు ముద్రలని గుర్తుపట్టండి

సౌందర్య సాధనాల కోసమే పుట్టిన ప్రమాణాల్లో మనకి ఎక్కువగా తగిలేది కాస్మోస్. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, బ్రిటన్ దేశాల్లోని ఐదు సంస్థలు, బీడీఐహెచ్, కాస్మెబియో, ఎకోసర్ట్, ఐసీఈఏ, సాయిల్ అసోసియేషన్, ఎవరికి వారు వేరువేరు లెక్కలతో ముద్రలు ఇస్తూ వచ్చి, చివరికి కలిసి ఒకే ప్రమాణం రాసుకున్నాయి. అందుకే సీసా మీద ఎకోసర్ట్ లోగో ఉండి, దాని కింద 'కాస్మోస్ ఆర్గానిక్' అనో 'కాస్మోస్ నేచురల్' అనో ఉంటుంది. పైన ఉన్నది తనిఖీ చేసినవాళ్ల పేరు, కింద ఉన్నది ప్రమాణం పేరు. మన దేశంలో ఎకోసర్ట్ చాలాకాలంగా పనిచేస్తోంది.

ఆ కింద రెండో మాటే ముఖ్యం. 'నేచురల్' అంటే అనుమతించిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప పెట్రోలియం సరుకు, సిలికాన్లు, కృత్రిమ సువాసనలు, జన్యుమార్పిడి పంటలు లేవు, అనుమతించిన జాబితాలోని పద్ధతుల్లోనే తయారైంది అని. అందులో ఆర్గానిక్ ఒక్క శాతం కూడా ఉండనక్కర్లేదు. 'ఆర్గానిక్' అంటే ఆ షరతులన్నీ ఉంటూ, పైన ఆర్గానిక్ శాతం షరతు కూడా ఉంటుంది. చాలామంది రెండూ ఒకటే అనుకుని నేచురల్‌కి ఆర్గానిక్ ధర పెడుతున్నారు.

ఇంకో రెండు మాటలు కూడా ఇదే కుటుంబంలోవి: 'కాస్మోస్ సర్టిఫైడ్', 'కాస్మోస్ అప్రూవ్డ్'. ఇవి ముడిసరుకులకి ఇచ్చేవి, క్రీము కంపెనీకి సరుకు అమ్మేవాళ్ల కోసం. "మేము కాస్మోస్ అప్రూవ్డ్ పదార్థాలు వాడతాం" అని సీసా మీద ఉంటే, ఆ సీసాని ఎవరూ తనిఖీ చేయలేదనే అర్థం. హోటల్ బోర్డు మీద 'మేము ఫలానా మిల్లు బియ్యం వాడతాం' అని రాసినట్టు. బియ్యం మంచివే కావచ్చు, బిర్యానీ సంగతి తెలియదు.

న్యాట్రూ అనేది బ్రస్సెల్స్ కేంద్రంగా ఉన్న మరో ప్రమాణం, 2007లో మొదలైంది. జర్మనీలో ఉన్న మనవాళ్లు సెలవులకి వస్తూ తెచ్చే క్రీముల మీద ఎక్కువగా కనిపిస్తుంది. దీంట్లో నాకు నచ్చిన నియమం ఒకటుంది: ఒక బ్రాండ్‌లో కనీసం 75 శాతం ఉత్పత్తులు ప్రమాణానికి సరిపోతేనే ఆ బ్రాండ్ ముద్ర వాడుకోగలదు. నలభై రకాలు అమ్ముతూ, ఒక్క లిప్ బామ్‌కి మాత్రం సర్టిఫికెట్ తెచ్చుకుని దుకాణమంతా పచ్చ రంగు పులమడం కుదరదు.

అమెరికా నుంచి వచ్చేవాటి మీద 'యూఎస్‌డీఏ ఆర్గానిక్' గుండ్రటి ముద్ర ఉంటుంది. అది అక్కడి వ్యవసాయ శాఖది, లెక్క తిండిదే, నీళ్లు, ఉప్పు తీసేసి మిగిలినదాంట్లో కనీసం 95 శాతం ఆర్గానిక్ ఉండాలి. క్రీములకి ఇది అందుకోవడం కష్టం. అందుకే ఎక్కువగా నూనెలు, లేపనాలు, బామ్‌ల మీద చూస్తాం. 'మేడ్ విత్ ఆర్గానిక్' అని ఉంటే 70 శాతం లెక్క, ఆ గుండ్రటి ముద్ర వేసుకోవడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి అదనంగా ఒక రక్ష ఉంది: 2003 నాటి అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం ఆర్గానిక్ అని అమ్మే సౌందర్య సాధనంలో కనీసం 70 శాతం ఆర్గానిక్ పదార్థాలు ఉండాలి.

నాలుగో పని: శాతాల మాయ విప్పండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, కొనేవాళ్లం ఎక్కువగా పడేది ఇక్కడే.

ఒక షాంపూ ఊహించుకుందాం. నూరు గ్రాముల్లో నీళ్లు 65, నురగ కోసం కొబ్బరినూనె, చక్కెరల నుంచి చేసిన కోకో గ్లూకోసైడ్ 20, ఆర్గానిక్ కలబంద రసం 10, గ్లిజరిన్ 3, ఆర్గానిక్ నువ్వుల నూనె 1, పాడవకుండా ఉంచేవీ మిగతావీ 1.

ఇందులో ఆర్గానిక్ ఎంత? మొత్తం మీద 11 శాతం. కానీ కాస్మోస్‌లో ఇంకో లెక్క ఉంది: రసం తీయడం, గానుగ ఆడటం, ఎండబెట్టడం లాంటి మామూలు పద్ధతుల్లో తయారైన మొక్కల సరుకు మాత్రమే తీసుకుంటే, అందులో కనీసం 95 శాతం ఆర్గానిక్ ఉండాలి. మన షాంపూలో అలాంటివి కలబంద, నువ్వుల నూనె రెండే, రెండూ ఆర్గానిక్, అంటే నూటికి నూరు. ప్రకృతి నుంచి వచ్చినది ఎంత అని మూడో లెక్క వేస్తే నీళ్లు కూడా కలుస్తాయి, 99 శాతం. ఒకే సీసాకి 11, 100, 99 అని మూడు అంకెలు, మూడూ నిజాలే. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఏది వేస్తారో చెప్పక్కర్లేదు.

అందుకే కాస్మోస్ ఆర్గానిక్ సీసా వెనక 'మొత్తంలో ఇంత శాతం ఆర్గానిక్' అని వేయాలని నియమం పెట్టింది. మీరు వెతకాల్సింది ఆ వాక్యాన్నే. మొత్తం మీద కనీసం 20 శాతం ఉండాలి, షాంపూ, ఫేస్‌వాష్ లాంటి కడిగేసేవాటికి, నూనె కలవని నీళ్ల సరుకుకి, మట్టి లాంటి ఖనిజాలు ఎక్కువున్న ప్యాకులకి 10 శాతం చాలు. నీళ్లని ఎవరూ ఆర్గానిక్‌గా పండించరు, ఉప్పునీ ముల్తానీ మట్టినీ అంతే. కాబట్టి షాంపూ వెనక 11 శాతం అని చూసి మోసం అనుకోకండి. నిజాయితీగా రాసినవాడు వాడే. నూనె సీసా మీద 11 శాతం అని ఉంటే మాత్రం నేనూ మీతో పాటు ప్రశ్నిస్తాను.

కషాయాల లెక్క కూడా తెలిస్తే మంచిది. మందారాకు పిడికెడు వేసి బిందెడు నీళ్లు మరిగించి, ఆ నీళ్లన్నిటినీ ఆర్గానిక్ అని లెక్క కడతామంటే కాస్మోస్ ఒప్పుకోదు, ఆకు వంతే లెక్క. ముద్ర లేని సీసాలో మాత్రం ఆ బిందెడూ ఆకు ఖాతాలోనే పడుతుంది.

'ఐఎస్ఓ 16128 ప్రకారం 98 శాతం నేచురల్ ఆరిజిన్' అని ఈమధ్య చాలా సీసాల మీద కనిపిస్తోంది. ఇది సర్టిఫికెట్ కాదు. శాతం ఎలా లెక్కకట్టాలో చెప్పే పద్ధతి, 2016, 2017ల్లో రెండు భాగాలుగా వచ్చింది. ఇంత శాతం దాటితేనే నేచురల్ అనాలన్న గీత అందులో లేదు, నీళ్లు పూర్తిగా సహజం కిందే లెక్క. తొంభై వంతులు నీళ్లున్న జెల్ ఏ కష్టమూ పడకుండా 90 దగ్గర మొదలవుతుంది.

ఐదో పని: జాబితాలో ఒక్క శాతం గీత వెతకండి

ఒక్క శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలని మోతాదు తగ్గే వరసలో రాయాలి. ఒక్క శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడుందో సీసా చెప్పదు, మనమే పట్టుకోవాలి. సులువైన గుర్తు ఫినాక్సీఇథనాల్. పాడవకుండా వేసే ఈ పదార్థానికి గరిష్ఠ పరిమితి ఒక్క శాతం. అది కనబడిన తర్వాత వచ్చేవన్నీ ఒక్క శాతం లోపువే. ముందు వైపు కుంకుమపువ్వు, మంజిష్ఠ, గంధం బొమ్మలు నిలువెత్తున వేసి, వెనక అవి మూడూ ఫినాక్సీఇథనాల్ తర్వాత వరసకట్టి నిలబడటం నేను ఎన్నిసార్లు చూశానో. ఇంకోటి, ఫినాక్సీఇథనాల్ ఉన్నచోట కాస్మోస్ ముద్ర ఉండకూడదు, ఆ ప్రమాణం దాన్ని ఒప్పుకోదు. రెండూ కలిసి కనిపిస్తే ఆ ముద్ర మీద గట్టిగా అనుమానపడొచ్చు.

మన మొక్కలు అక్కడ లాటిన్ పేర్లతో ఉంటాయి. లాసోనియా ఇనెర్మిస్ గోరింటాకు, అజాడిరక్టా ఇండికా వేప, అకేసియా కాన్సిన్నా శీకాయ, సాపిండస్ కుంకుడు, సెసమమ్ ఇండికమ్ నువ్వులు, ఇండిగోఫెరా టింక్టోరియా నీలి. 'పారాఫినమ్ లిక్విడమ్', 'లైట్ లిక్విడ్ పారాఫిన్' రెండూ మినరల్ ఆయిలే. ఉసిరి పేరుతో వచ్చే తలనూనె సీసా ఏదైనా ఒకటి తిప్పి మొదటి పేరు చూడండి. ఏముందో నేను చెప్పను.

పేర్ల పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఆ పదార్థం ఆర్గానిక్ సాగుది అని, జాబితా కింద వివరణ ఉంటుంది. ఏవేవి ఆర్గానిక్కో ఒక్కొక్కటిగా చెప్పే చోటు అదే. 'పర్ఫ్యూమ్' అని ఉంది కదా అని సర్టిఫికెట్ ఉన్న సరుకుని వదిలేయకండి. సుగంధ తైలాలు కలిపినా జాబితాలో అదే మాట వాడతారు. సర్టిఫికెట్ లేనిచోట మాత్రం ఆ మాట వెనక ఏదైనా ఉండొచ్చు.

గోరింటాకు కోసం ఆగుదాం

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బులు మాత్రమే కాదు. గోరింటాకులో రంగునిచ్చే లాసోన్ నారింజ, ఎరుపు రంగులే ఇస్తుంది. నల్లగా నిగనిగలాడే రంగు ఒక్క గోరింటాకుతో రాదు. నీలి ఆకు పొడి కలిపితే నలుపు వైపు వస్తుంది, దానికి గంటలు పడుతుంది. 'నేచురల్ బ్లాక్ హెన్నా, అరగంటలో' అని ఉంటే వెనక్కి తిప్పి పారా ఫినైలీన్ డయామిన్ ఉందేమో చూడండి, పీపీడీ అంటారు. కొందరికి ఇది తీవ్రమైన అలర్జీ తెస్తుంది, ముఖం వాచిపోయేంత. ఎర్ర రంగు ప్యాకెట్లలో సోడియం పిక్రమేట్ అనే రంగు కూడా కనిపిస్తుంటుంది. ముందు చర్మం మీద పరీక్షించి చూడాలనీ, కనుబొమలకీ కనురెప్పలకీ వాడొద్దనీ హెచ్చరిక ముద్రించి ఉందంటే, ముందు వైపు ఎన్ని ఆకులున్నా అది హెయిర్ డై అని తెలుసుకోండి. మా పిన్ని ప్రతి నెలా ఒక 'హెర్బల్' ప్యాకెట్ వాడేది. "గోరింటాకే కదే, ఏమవుతుంది" అనేది. ఒకరోజు కళ్లద్దాలు పెట్టించి జాబితా చదివించాను. మొదటి పేరు గోరింటాకు, రెండోది బేరియం పెరాక్సైడ్, మూడోది పీపీడీ. ఆవిడ ప్యాకెట్ వంక చూసి, నా వంక చూసి, "ఇన్నాళ్లూ చెవుల వెనక దురద అందుకా" అంది.

మంచి పొడి కావాలంటే జాబితాలో ఒకటే పేరుండాలి, అది లాసోనియా ఇనెర్మిస్. రాజస్థాన్‌లోని సోజత్ గోరింటాకుకి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్యాకెట్ల మీద ఆ ఊరి పేరు చూస్తుంటాం. అది ఊరికి, పంట నాణ్యతకి సంబంధించిన గుర్తింపు, ఆర్గానిక్ అని కాదు.

ఆరో పని: ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి

కాస్మోస్ వాళ్ల వెబ్‌సైట్‌లో సర్టిఫికెట్ పొందిన ఉత్పత్తుల జాబితా ఉంది, బ్రాండ్ పేరు కొట్టి వెతకొచ్చు. న్యాట్రూకీ అలాంటిదే ఉంది. యూఎస్‌డీఏకి 'ఆర్గానిక్ ఇంటెగ్రిటీ డేటాబేస్' ఉంది, అందులో కంపెనీ పేరు దొరుకుతుంది. బ్రాండ్ పేరుతో దొరక్కపోతే సీసా వెనకున్న తయారీదారు పేరుతో వెతకండి. మన దగ్గర చాలా బ్రాండ్లు వేరేవాళ్ల ఫ్యాక్టరీలోనే చేయిస్తాయి. పేరు దొరికింది కదా అని ఆగకుండా, మీ చేతిలో ఉన్న ఆ సరుకే జాబితాలో ఉందా అని చూడండి. అదే కంపెనీ ఫేస్ ఆయిల్‌కి ఉండి, ఫేస్‌వాష్‌కి లేకపోవచ్చు.

కంపెనీనే అడిగితే ఏం అడగాలి? ఇండియా ఆర్గానిక్ వాళ్లు ఇచ్చేదాన్ని స్కోప్ సర్టిఫికెట్ అంటారు. మొదటి పేజీలో కంపెనీ పేరు, గడువు ఉంటాయి, ఏయే సరుకులకి వర్తిస్తుందో చెప్పే జాబితా అనుబంధం పేజీలో ఉంటుంది. చాలామంది మొదటి పేజీ ఒక్కటే పంపుతారు. "అనెక్సర్ కూడా పంపండి" అని అడగండి. ఆ మాట వినగానే అవతలివాళ్లకి మీరు చదివే మనిషని అర్థమవుతుంది. నిజంగా ఉన్నవాళ్లు సంతోషంగా పంపుతారు, ఎవరూ అడగని కాగితం కోసం ఏటా డబ్బు కడుతున్నారు పాపం.

ముద్ర లేనివాళ్ల సంగతి

సర్టిఫికెట్ ఖర్చుతో కూడిన వ్యవహారం. ఊళ్లో సున్నిపిండి చేసి అమ్మే మహిళా సంఘానికి ఎకోసర్ట్‌ని పిలిపించే తాహతు ఎక్కడిది? ముద్ర లేదని వాళ్లని కొట్టిపారేయడం అన్యాయం. నేనైతే వాళ్లని లైసెన్సు, తయారైన తేదీ, ఏమేం కలిపారో అడుగుతాను. పెసలు, శనగలు, కస్తూరి పసుపు, బావంచాలు అని గడగడా చెప్పే మనిషి దగ్గర కొనడానికి నాకు ముద్ర అక్కర్లేదు. కాకపోతే వాళ్లే రేపు ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని అచ్చువేసి ధర రెట్టింపు చేస్తే, అప్పుడు పెసలు ఎక్కడివని అడుగుతాను.

ఎంత గొప్ప ముద్ర ఉన్నా మీ చర్మానికి పడుతుందని హామీ లేదు. లావెండర్, నిమ్మగడ్డి, నారింజ తైలాల్లో సహజంగానే ఉండే లినలూల్, లిమోనీన్ కొందరికి దద్దుర్లు తెస్తాయి. కొత్తది ఏదైనా మోచేతి మడత లోపల కాస్త రాసి రెండు రోజులు చూడండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో '6ఎం' అని ఉంటే తెరిచాక ఆరు నెలల్లో వాడేయాలని. ఇంట్లో ఎవరూ దీన్ని పట్టించుకోరు, మా ఇంట్లో సహా. తెరిచిన రోజున తేదీని స్కెచ్ పెన్నుతో డబ్బా అడుగున రాసేయడం ఒక్కటే దారి.

తప్పు దొరికితే

2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద, అంటే లేని పచ్చదనం ఉన్నట్టు చెప్పుకోవడం మీద, మార్గదర్శకాలు తెచ్చింది. 'నేచురల్', 'ఆర్గానిక్' లాంటి మాటలని తగిన వివరణ, రుజువు లేకుండా వాడకూడదని అందులో ఉంది. ఆ వివరాలు క్యూఆర్ కోడ్ ద్వారానో వెబ్ లింకు ద్వారానో చూసేవాళ్లకి అందించొచ్చు. కాబట్టి "రుజువు చూపించండి" అని మీరు అడగడం అతి కాదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. లైసెన్సు నంబరే లేని సరుకైతే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కి చెప్పాలి.

ఫిర్యాదుకి కావలసింది బిల్లు, నాలుగు వైపులా తీసిన ఫోటోలు, కంపెనీతో నడిచిన మెసేజ్‌లు. నా కలబంద జెల్ విషయంలో మెసేజ్‌లు ఉన్నాయి, బిల్లు ఉంది. ఆ 'సర్టిఫైడ్ ఆర్గానిక్' అని పెద్దగా ఉన్న అట్టపెట్టె మాత్రం కొన్న రోజే చెత్తబుట్టలో పడేశాను. లోపలి డబ్బా మీద ఉన్నది చిన్న ఆకు, దాని చుట్టూ వేలి గోరంత అక్షరాలు. ఫోన్‌తో ఎంత దగ్గరగా తీసినా మసకగానే వచ్చాయి. ఇప్పుడు ఏది కొన్నా పెట్టె విప్పకముందే బల్ల మీద పెట్టి నాలుగు వైపులా ఫోటో తీస్తాను.